గింజల్లోని బలం మన ఒంటికి పడుతోందా?

రమజాన్ వచ్చిందంటే గోదావరిఖనిలోని మన ఇళ్ళలో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై ఖర్జూరం పక్కనే శనగ గుగ్గిళ్ళు ఉంటాయి. అవి తిని, మగ్రిబ్ నమాజు ముగించగానే చాయ్ కావాలి. బాయి డ్యూటీ చేసి వచ్చినవారికైనా, పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడిన ఇల్లాలికైనా అది లేనిదే ప్రాణం లేచి రాదు. అయితే శనగల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడేది ఆ చాయేనని మనలో ఎందరికి తెలుసు?

మానవుడు తన ఆహారం వైపు దృష్టి సారించాలని దివ్య ఖుర్ఆన్‌లోని 'అబస' సూరా బోధిస్తుంది. విత్తనాన్ని, టెంకను చీల్చేవాడు అల్లాహ్‌యేనని 'అన్ఆమ్' సూరా 95వ ఆయత్ గుర్తు చేస్తుంది. విత్తనం చీలడంలో మన ఆరోగ్యానికి పనికొచ్చే పాఠం ఉంది.

శనగలు, పెసలు, నువ్వులు, గుమ్మడి గింజలు - వీటన్నిటిలో ఇనుము, జింకు ఉన్నాయి. కానీ ఉన్నదంతా మనకు అందదు. గింజ రేపటి మొలక కోసం భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. ఆ ఆమ్లం ఇనుమును, జింకును పట్టుకుని రక్తంలోకి సరిగా పోనివ్వదు. గింజను నానబెట్టి మొలకెత్తిస్తే అందులోని ఫైటేజ్ అనే ఎంజైము మేలుకొని ఆ పట్టును సడలిస్తుంది. సుబ్‌హానల్లాహ్! గింజ చీలినప్పుడే దాని నిధి తెరుచుకుంటుంది.

ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. షిఫ్టుకు వెళ్ళేవారికి టిఫిన్ డబ్బా కట్టి, పిల్లలకు పెట్టి, చివరకు మిగిలింది తినేది తల్లే. కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా "రోజా కదా" అని సరిపెట్టుకుంటుంది.

మరి మనమేం చేయాలి? శనగలు, పెసలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, తడిగుడ్డలో మూటగట్టి ఒక రోజు ఉంచాలి. మొలకలను ఉడికించి, దించిన తర్వాత నిమ్మకాయ పిండాలి. నిమ్మలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మాంసమూ ఆ పని చేస్తుంది కనుక మన దాల్చాలో శనగపప్పుకు, మాంసానికి మంచి పొత్తు కుదిరింది. నువ్వులు నమలకుండా మింగితే అలాగే పోతాయి, వేయించి దంచుకోవాలి. చాయ్ మాత్రం తరావీహ్ తర్వాత తాగుదాం. రమజాన్ కాని రోజుల్లో తిన్నాక కనీసం గంట ఆగుదాం.

రక్తహీనత ఉన్నవారు మాత్రం పరీక్ష చేయించుకొని డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడాలి. గింజలు వాటికి బదులు కావు.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. మొలకల మొదటి గిన్నె ఇంట్లోని అమ్మీకి, ఆడపిల్లలకు అందిద్దాం. అల్లాహ్ మన ఇళ్ళకు ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.