ధమనులలో పూడిక – వయసు: హృద్రోగ సూచికను చదివే తీరు

గుండెకు రక్తాన్ని చేర్చే ధమనుల లోపలి గోడలో కొవ్వు, కణజాలం, సున్నం చేరి ఏర్పడే ఫలకాన్ని తెలుగు పత్రికలు ‘పూడిక’ అనే మాటతో పరిచయం చేశాయి. చెరువు పూడికతీత తెలిసిన నిర్మల్ ప్రాంత పాఠకునికి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. అయితే అది కొంత దారి తప్పించే మాట కూడా. చెరువులో మట్టి అడుగున చేరుతుంది. ఫలకం గోడలోనే పెరుగుతుంది. దారిని సగం కూడా మూయని ఫలకం సైతం చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టితే గుండెపోటు రావచ్చు. కాబట్టి ఎంత పూడిందన్న ప్రశ్నతో పాటు, ఏ వయసులో పూడిందన్న ప్రశ్న కూడా ముఖ్యమవుతుంది.

ఫలకం ముసలితనపు లక్షణమన్న భావన ఎప్పుడో సడలింది. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరీక్షించిన వైద్యులు, సగటున 22 ఏళ్ల వయసున్న వారిలో 77 శాతానికి పైగా ధమనీవ్యాధి ఆనవాళ్లను గుర్తించినట్లు 1953లో ప్రకటించారు.

ఫలకంలోని సున్నాన్ని సీటీ స్కాన్ ద్వారా కొలిచి అంకె రూపంలో చెప్పే పద్ధతిని అగాట్‌స్టన్ బృందం 1990లో ప్రతిపాదించింది. వయసుతో ఈ అంకె సహజంగానే పెరుగుతుంది. ఉదాహరణకు స్కోరు 40 అనుకుందాం. 75 ఏళ్ల పురుషునికి అది తోటివారితో పోలిస్తే తక్కువే. 38 ఏళ్ల వానికి మాత్రం అదే అంకె తీవ్రమైన హెచ్చరిక. అమెరికాలో 32–46 ఏళ్ల వారిని సుమారు పన్నెండున్నరేళ్లు అనుసరించిన కార్డియా అధ్యయనం (2017), ఏ కొంచెం సున్నం కనిపించినా హృద్రోగ ఘటనలు అయిదు రెట్లు అధికమని తేల్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తోటివారిలో స్థానమే సర్వస్వమనుకుంటే పొరపాటు. రాబోయే కొద్ది సంవత్సరాల ముప్పును అంచనా వేయడంలో అసలు అంకెకే బలం ఎక్కువ. 300 స్కోరున్న వృద్ధుడు ‘ఈ వయసుకు ఇది మామూలే’ అనుకొని నిశ్చింతగా ఉండరాదు. వయసు తగ్గ స్థానం జీవితకాలపు ముప్పును సూచిస్తుంది. సున్నా స్కోరు విషయమూ ఇంతే. వృద్ధునికి అది గట్టి భరోసా. యువకునికి అంత కాదు, ఎందుకంటే ఫలకంలో సున్నం చేరడం ఆలస్యంగా జరిగే పరిణామం. మెత్తని ఫలకం ఈ కొలతకు అందదు.

ఈ భేదం తెలుగువారికి మరింత అవసరం. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామాలలో 2003–04 నాటి మరణాలను పరిశీలించగా 32 శాతం గుండె, రక్తనాళ వ్యాధుల వల్ల సంభవించినవే. ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియావాసులకు తొలి గుండెపోటు సగటు వయసు 53. ఇతరులకు దాదాపు 59. నిర్మల్, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్లేవారిలో అధికులు ఈ వయసుకు చాలా ముందువారే. వారి ప్రయాణానికి ముందు జరిగే వైద్య పరీక్ష ప్రధానంగా ఛాతీ ఎక్స్‌రే, అంటువ్యాధుల రక్తపరీక్షలకు సంబంధించినది. గుండె ధమనుల సున్నాన్ని కొలిచే స్కాన్ అందులో భాగం కాదు.