మీకు తెలుసా? మునేటి ఒడ్డున పుట్టిన విజ్ఞాన చంద్రిక

పెనుగంచిప్రోలు అనగానే తిరుపతమ్మ తల్లి తిరునాళ్లే గుర్తొస్తాయి. తెలుగువాళ్లలో చదువు వెలుగు నింపిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పుట్టిందీ ఈ ఊళ్లోనే, 1877లో. మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం, 1906లో పుస్తకాలు ప్రచురించే విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు పూనుకున్నారు. మండలి తొలి పుస్తకం అబ్రహాం లింకన్ చరిత్ర. దాన్ని రాసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్లారు!

పుస్తకంతో జాతిని మేల్కొలపడం మన దగ్గరే కాదు, గ్రీసులోనూ పుస్తకమే ముందు నడిచింది. 1821 స్వాతంత్ర్య తిరుగుబాటుకు ఏళ్ల ముందే గ్రీకు పండితుడు కొరాయిస్ పారిస్‌లో ఉండి ప్రాచీన గ్రీకు గ్రంథాలు అచ్చువేయించారు.

లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గరే ఆగింది. 1923లో ఆయన కన్నుమూశారు. చిన్నప్పుడు తండ్రి లేని లక్ష్మణరావును తన ఇంట ఉంచుకుని చదివించింది ఆయన అక్క, రచయిత్రి భండారు అచ్చమాంబ.