అలకపాన్పు ఎక్కిన కారు స్టీరియో

పెండ్లిలో అలకపాన్పు ఎక్కిన అల్లుడు తనకు కావలసినదేమో నోరు విప్పి చెప్పడు. గడియారమా, ఉంగరమా, సైకిలా అని అత్తవారే ఊహించుకొనవలెను. కొన్ని కార్లలోని స్టీరియోల స్వభావమును ఇట్టిదే. అంగడిలో కొన్న పాటల సీడీని పెట్టినచో అవి హాయిగా పాడును. ఆ పాటలనే ఇంట కంప్యూటరు ద్వారా ఖాళీ సీడీలోనికి ఎక్కించి పెట్టినచో కొంతసేపు గిరగిర త్రిప్పి, పనికిరాదని చెప్పి బయటకు త్రోసివేయును. ఏమి లోపమో మాత్రము చెప్పవు. అదృష్టమును నమ్మి డబ్బాలకు డబ్బాలు కొనుటకంటె, ఆ అలుకకు కారణము తెలిసికొనుట మేలు.

కొత్తగా వచ్చు కార్లలో సీడీ అర కనుమరుగగుచున్నది. అయినను ఇరువది ఏండ్లనాటి కార్లు మన రోడ్లపై ఇంకను తిరుగుచునే యున్నవి. పాత క్యాసెట్లలోని నాటక పద్యములను, హరికథలను, ఇంటి పెద్దల కంఠములను సీడీలకు ఎక్కించుకొని ప్రయాణములో వినువారును ఉన్నారు. కావున ఈ ప్రసంగము కేవలము పాతకాలపు ముచ్చట కాదు.

కాంపాక్టు డిస్కు మొదట 1982లో జపానులో విపణికి వచ్చినది. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి దాని ప్రమాణములను నిర్ణయించినవి. దాని వ్యాసము 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. పాలీకార్బొనేటు అను పారదర్శక పదార్థముపై కంటికి కానరాని గుంటలు లోపలి నుండి వెలుపలికి చుట్టలు చుట్టలుగా సాగిపోవును. ఒక చుట్టకును మరియొక చుట్టకును నడుమ దూరము సుమారు 1.6 మైక్రోమీటర్లు మాత్రమే. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల లేజరు కిరణము ఆ దారి వెంట నడచును. గుంటలేని చోట పడిన వెలుగు బలముగాను, గుంటపై పడినది బలహీనముగాను తిరిగి వచ్చును. ఆ హెచ్చుతగ్గులే తుదకు పాటయగును.

ఖాళీ సీడీలో ఈ గుంటలు లేవు. 1988లో జపానుకు చెందిన తాయో యూడెన్ సంస్థ రూపొందించిన ఈ జాతి డిస్కులో పాలీకార్బొనేటుపై సన్నని గాడి మాత్రమే ఉండును. దానిపై ఒక రసాయనపు రంగు పూత, ఆపై పలుచని లోహపు పొర, అన్నిటికిని పైన లక్క వంటి రక్షణపు పూత ఉండును. వ్రాయునపుడు లేజరు కిరణపు వేడికి రంగు అక్కడక్కడ మారిపోవును. అది గుంట కాదు. గుంటవలె కనిపించు మచ్చ. అచ్చు డిస్కు తనపై పడిన వెలుగులో కనీసము 70 శాతమును తిరిగి పంపవలెనని నియమము. వ్రాయు డిస్కునకు 65 శాతము చాలును. ఈ స్వల్పమైన తేడాను పెక్కు యంత్రములు లక్ష్యపెట్టవు. కటకముపై దుమ్ము పట్టి, లేజరు బలము తగ్గిన పాత యంత్రమునకు ఈ తేడాయే కొండంతయగును. అలుకకు మూలము ఇక్కడనే కలదు.

దీనినిబట్టి మొదటి నియమము తేలుచున్నది. చెరిపి మరల మరల వ్రాయదగిన ఆర్‌డబ్ల్యూ జాతి డిస్కు పొదుపుగా తోచును గాని, అది తిరిగి పంపు వెలుగు 15 మొదలు 25 శాతము వరకే. దానిని చదువుటకై నిర్మింపబడని స్టీరియోకు అది చీకటి పలకతో సమానము. అట్టి కారునకు ఒక్కసారి మాత్రమే వ్రాయదగిన ఆర్ జాతి డిస్కునే తేవలెను. డీవీడీ మాట చెప్పనక్కరలేదు. దానిని చదువు లేజరు వేరు.

రెండవది రంగు. ఖాళీ డిస్కులలో ముఖ్యముగా మూడు రంగులు వాడుకలోనికి వచ్చినవి: సయనిన్, థాలోసయనిన్, అజో. వెండిపొరపై సయనిన్ లేత పచ్చగా, అజో ముదురు నీలముగా, థాలోసయనిన్ దాదాపు రంగు లేనట్లుగా అగపడును. ఒక స్టీరియో నీలమును ఆదరించి, తెల్లనిదానిని త్రోసిపుచ్చవచ్చును. పొరుగువారి కారులో దీనికి విరుద్ధముగ జరుగవచ్చును. అన్ని కార్లకు నచ్చు రంగు ఒకటి యున్నదని చెప్పుట సత్యము కాదు.

డబ్బాపై పేరు కూడ పూర్తి సాక్ష్యము కాదు. ఒకే పేరుతో అమ్ముడగు డిస్కులు వేరు వేరు కర్మాగారములలో తయారై యుండవచ్చును. అసలు తయారీదారుని గుర్తు డిస్కు గాడిలోనే సంకేతరూపమున దాగియుండును. కంప్యూటరులో తగిన ప్రోగ్రాము దానిని చదివి చెప్పగలదు. విపణి స్థితియు మారినది. మన దేశమున ఈ డిస్కుల తయారీలో ప్రసిద్ధికెక్కిన మోజర్ బేర్ సంస్థకు 2018లో మూసివేత ఉత్తరువు వచ్చినది. తాయో యూడెన్ 2015తో ఈ వ్యాపారమును విరమించుకొన్నది. వెర్బాటిమ్ వ్యాపారము 2019లో తైవానునకు చెందిన సీఎంసీ చేతికి పోయినది. కావున పదేండ్ల క్రిందట మిత్రుడు మెచ్చిన పేరే నేడును ఆ గుణమునే ఇచ్చునని నమ్మరాదు. పాటల కొరకని ప్రత్యేకముగ అచ్చువేసి అమ్మెడు 'ఆడియో' డిస్కులకు ఎక్కువ వెల పెట్టుటయు అనవసరము. ఆ గుర్తు ఇండ్లలో వాడు పాటల రికార్డరుల కొరకు ఏర్పడినది. కంప్యూటరుతో వ్రాయువారికి దానివలన ప్రత్యేక లాభము లేదు.

మూడవది వ్రాయు విధము. 74 నిమిషముల డిస్కులో చుట్టల నడుమ ఎడము కొంత సుఖముగా ఉండును. 80 నిమిషముల దానిలో చుట్టలు మరింత దగ్గరగా ఇరుకుకొనును. ఇప్పుడు దొరకునవి ఎక్కువగా 80 నిమిషములవే గనుక, వాటిని అంచువరకు నింపక 60, 65 నిమిషములతో ఆపుట మంచిది. మితిమీరిన వేగముతో వ్రాసినచో మచ్చల అంచులు చెదరును. మిక్కిలి నెమ్మదియు మంచిది కాదు. అధికవేగమునకై చేసిన డిస్కునకు మధ్యమ వేగమే, అనగా 8 మొదలు 16 రెట్ల వరకు, సాధారణముగ పొసగును. పాటలన్నిటిని ఒకే విడతలో వ్రాసి, చివర డిస్కును ముగించుట మరువరాదు. ముగింపు లేని డిస్కునకు విషయసూచిక ఉండదు. కారు స్టీరియో దానిని ఖాళీగా భావించును.

ఎంపీత్రీ రూపమున 700 మెగాబైట్ల డిస్కులో సుమారు పన్నెండు గంటల పాటలు పట్టును. కాని ఎంపీత్రీ తెలియని స్టీరియోకు ఎంత మంచి డిస్కు తెచ్చినను ప్రయోజనము లేదు. అట్టిదానికి ఆడియో సీడీ రూపముననే వ్రాయవలెను. ఎంపీత్రీ తెలిసిన యంత్రములలోను చాల వాటికి తెలుగు లిపి తెలియదు. పాటల పేర్లను తెలుగులో వ్రాసినచో తెరపై గళ్లు మాత్రమే కనబడవచ్చును. పేర్లకు ముందు వరుస అంకెలు వేసి, పొట్టి రోమను అక్షరములలో వ్రాయుట తెలివి.

ఇక పరీక్ష. విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఉదాహరణగ చెప్పదగును. మొదట అచ్చు సీడీ నొకదానిని గతుకుల దారిలో వినవలెను. అదియు తడబడినచో దోషము కటకమునది, లేక అదురును ఆపు స్ప్రింగులది. డిస్కును నిందించుట అన్యాయము. అచ్చుది చక్కగా పాడినచో, రెండు మూడు రకముల డిస్కులను విడివిడిగ కొన్నింటిని మాత్రమే కొని, అవే పాటలను, అదే వేగముతో వ్రాసి, అదే దారిలో వినవలెను. నెగ్గిన రకముపై తరువాత వేగమును మార్చి చూడవలెను. ఒకసారి ఒక్క అంశమునే మార్చుట ముఖ్యము. రెంటిని కలిపి మార్చినచో గుణము దేనిదో తేలదు. మొదటి పాటలు బాగుండి చివరివి మాత్రమే తెగినచో డిస్కు వెలుపలి అంచున లోపమున్నదని గ్రహింపవలెను. చదువుట లోపలి నుండి వెలుపలికి సాగును గదా.

డిస్కుపై కాగితపు చీటీ అంటించుట కూడదు. అది త్రిప్పుడులో తూకమును చెడగొట్టును. వేడికి ఊడి స్టీరియో లోపల చిక్కుకొనును. మెత్తని మొన గల సిరాకలముతో పైన వ్రాసిన చాలును. పైభాగమున గీతపడుటయే ఎక్కువ ప్రమాదమని పలువురెరుగరు. అడుగున పాలీకార్బొనేటు మందముగా ఉన్నది. పైన పలుచని పూత క్రిందనే లోహపు పొర ఉన్నది.

అన్నిటికంటె పెద్ద శత్రువు ఎండ. రెంటచింతల, రామగుండము ప్రాంతముల వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులోపల వేడిమి 60 డిగ్రీలను మించుట అరుదు కాదు. ఆ వేడికి డిస్కు వంగును. ఆ వెలుగునకు రంగు వెలియును. అచ్చు గుంట వెలియదు, రంగు మచ్చ వెలియును. నిన్నటివరకు పాడిన డిస్కు నేడు అలుగుటకు ఇదియు ఒక హేతువు.

ఇక్కడనే అసలైన నష్టము పొంచియున్నది. సినిమా పాటలు పోయినచో మరల దొరకును. గతించిన తాతగారు చదివిన పద్యములు, అమ్మమ్మ పాడిన దంపుళ్ల పాట ఒక్క క్యాసెట్టులోనే ఉండి, దానిని డిస్కునకు ఎక్కించిన పిదప క్యాసెట్టును పారవేసినచో, ఆ కంఠము బ్రతుకు ఆ రంగుపూత మీదనే ఆధారపడును. కావున కారులో తిరుగునది ఎప్పుడును నకలుగానే ఉండవలెను. మూలమును కుదింపక కంప్యూటరులో ఒకచోట, వేరొక పరికరములో మరియొకచోట భద్రపరచి, క్యాసెట్టును గూడ దాచుకొని, నకలును మాత్రమే ప్రయాణమునకు పంపవలెను. అప్పుడు స్టీరియో ఎన్నిమారులు అలిగినను, మరియొక డిస్కు వ్రాసి దాని అలుక తీర్పవచ్చును.