ఆంగ్లమున 'గో' ధాతువు: దాని యర్థభేదములు

ఆంగ్లభాషయందు రూపమునఁ జిన్నదై వాడుకలో మిక్కిలి విరివిగల క్రియలలో 'గో' యనునది యొకటి. దీనికిఁ 'బోవు' అని యొక్క యర్థము చెప్పి తృప్తినొందుట నిఘంటుకారులకుఁ గాని భాషాంతరకర్తలకుఁ గాని తగదు.

మొదట రూపమును విచారింతము. దీని భూతరూపమగు 'వెంట్' అనునది యీ ధాతువునుండి పుట్టినది కాదు. ప్రాచీనాంగ్లమున దీనికి వేఱొక భూతరూపము గలదు. అది జాఱిపోఁగా, మరలు, సాగు నను నర్థములుగల 'వెండ్' ధాతువుయొక్క భూతరూపము దాని స్థానము నాక్రమించెను. కావుననే యొక్క క్రియయందు రెండు ధాతువుల రూపములు కానవచ్చుచున్నవి.

వక్త యున్న చోటు విడిచి దూరమగుట దీని ప్రధానార్థము; 'కమ్' అనునది దీనికిఁ బ్రతియోగి. దూరమగుట నష్టమునకును దారితీయును గాన, 'గో మాడ్', 'గో బ్లైండ్' మున్నగుచోట్ల నిది తఱచుగాఁ గీడుమార్పును దెలుపును. మన చెడిపోవు, ఎండిపోవు, మఱచిపోవు అను ప్రయోగము లిట్టివే. మఱియు 'గోయింగ్ టు' అని భావికాలమును జెప్పుట మన 'కురియఁబోవుచున్నది' యనుదానితో సరిపోలుచున్నది. రెండు భాషలకును జుట్టఱికము లేకున్నను భావము నడచిన త్రోవ యొక్కటియే.

అయినను సామ్య మంతటను లేదు. 'హీ హాజ్ గాన్ టు లండన్' అనిన నతఁ డింకను మరలి రాలేదని భావము. 'హీ హాజ్ బీన్ టు లండన్' అనిన నొకప్పుడు పోయివచ్చెనని భావము. రెంటికిని 'బోయినాఁడు' అనియే వ్రాసిన భేదము నశించును.

ఇంతకంటెఁ గీడైన పొరపాటు వాణిజ్యపత్రములయందుఁ గలుగవచ్చును. 'గోయింగ్ కన్సర్న్' అనఁగా నిలిచి నడచుచుండు వ్యాపారము. దానిని 'బోవుచున్న వ్యాపారము' అని తెనిఁగించినచో నది నశించుచున్నదని చదువరి తలఁచును, అర్థము తలక్రిందులగును. ధనము పెట్టఁదలఁచినవాఁడు వెనుదీయును. ఇచ్చట 'నడచు' ధాతువే యుచితము. గడియారము, యంత్రము, కథ యనువానికిని మనవా రీ ధాతువునే వాడుదురు.

కాఁబట్టి నిఘంటువునందు 'గో' శబ్దమునకెదుటఁ దెలుఁగుక్రియల పట్టిక యొక్కటియే చాలదు. ఏ పదముతోఁ గూడి యే యర్థ మిచ్చునో వాక్యములతోఁ జూపవలెను. దీపము విషయమున 'గో అవుట్' అనిన నాఱిపోవుట. మనుష్యుని విషయమున వెలికిఁ బోవుట. పదమునకుఁ బదము గాక, ప్రయోగమునకుఁ బ్రయోగము వెదకుటయే భాషాంతరీకరణమునకు రాజమార్గమని విజ్ఞులు గ్రహింతురుగాక.