ఏ విశ్వవిద్యాలయంలో చేరాలి?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలలోని అనేక ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. జీడిపిక్కల కర్మాగారంలో పనిచేసే తల్లిదండ్రుల బిడ్డ రాజనీతిశాస్త్రంలో పట్టా పొందగోరితే ఎక్కడ చేరాలి? ఊరికి చేరువలోని కళాశాలలోనా, దూరాన ఉన్న హైదరాబాదులోనా, ఢిల్లీలోనా? పేరును చూసి నిర్ణయించుకోవడం సులభమే. కాని చదువును సాగించేది పేరు కాదు.

మొదట కళాశాలకూ విశ్వవిద్యాలయానికీ గల సంబంధాన్ని గ్రహించాలి. శ్రీకాకుళం జిల్లా కళాశాలలు చాలాకాలం, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేవి. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని పరిధిలోకి వచ్చాయి. అనుబంధ పద్ధతిలో పరీక్ష నిర్వహించి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం; పాఠం చెప్పేది కళాశాల. కాబట్టి ఆ కళాశాలలో రాజనీతిశాస్త్రానికి తగిన అధ్యాపకులున్నారా, గ్రంథాలయం వినియోగంలో ఉందా అని విచారించడమే ముఖ్యం. మన రాష్ట్రంలో డిగ్రీ నియమాలు కూడ మారుతున్నాయి. మూడు ప్రధాన విషయాల పద్ధతికి బదులు 2023-24లో ఒకే ప్రధాన విషయ పద్ధతిని ప్రవేశపెట్టారు. అందువలన చేరే సంవత్సరపు ప్రకటనను స్వయంగా చదువుకోవాలి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల మార్గం వేరు. 1922లో ఏర్పడిన ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ ప్రవేశాలకు 2022 నుండి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష ఆధారమైంది. ఈ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. కాని చేరిన తరువాత తెలుగులో బోధన ఉండదు. తెలుగు మాధ్యమంలో చదివినవారు మొదటి ఏడాది రెట్టింపు శ్రమకు సిద్ధపడాలి. రుసుముతోపాటు వసతి, భోజనం, రైలు ప్రయాణాల ఖర్చును కూడ ముందుగానే లెక్క కట్టుకోవాలి. వసతిగృహంలో స్థానం లభించకపోతే రుసుముకంటె గది అద్దెయే పెద్ద భారమవుతుంది.

ఇంతకూ రాజనీతిశాస్త్రం దేనిని బోధిస్తుంది? అధికారం ఎవరి చేతిలో ఉంది, నిర్ణయాలు ఎట్లా జరుగుతాయి అన్నదే దాని ప్రధాన విషయం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు నష్టాన్ని లెక్కించినదెవరు, పరిహారాన్ని నిర్ణయించినదెవరు? మూత్రపిండాల వ్యాధితో తల్లడిల్లిన గ్రామాలకు హిరమండలం జలాశయం నుండి తాగునీరు తెచ్చే పథకం 2023లో ప్రారంభమయ్యేవరకు అన్నేళ్లు ఎందుకు పట్టింది? పంచాయతీ బాధ్యత ఎంత, రాష్ట్రం బాధ్యత ఎంత, కేంద్రం బాధ్యత ఎంత? ఈ ప్రశ్నలు వేయగల విద్యార్థికి సొంత ఊరే ప్రయోగశాల. దూరపు విశ్వవిద్యాలయం ఇతర ప్రాంతాలవారి అనుభవాలతో ఆ ప్రశ్నలను పోల్చిచూసే అవకాశమిస్తుంది. రెండింటికీ విలువ ఉంది.

కుటుంబ స్థోమత అనుకూలించనివారు ఊరికి దగ్గరలో డిగ్రీ పూర్తిచేసి, స్నాతకోత్తర విద్యకు దూరం వెళ్లవచ్చు. అది వెనుకంజ కాదు. అప్పు చేసి మధ్యలో మానుకున్న చదువుకంటె, దగ్గరలో నిలకడగా పూర్తిచేసిన చదువు మేలు. బోధన, భాష, ఖర్చు, భవిష్యత్తు అనే నాలుగింటినీ తల్లిదండ్రులతో కూర్చుని తూచి చూచిన తరువాతనే దరఖాస్తుపై సంతకం చేయడం వివేకం.