సంఘబలమే దేహబలము



సహకార సంఘమనగా అప్పు, విత్తనము, ఎరువు మాత్రమేయని మనలో పెక్కురు తలంతురు. సంఘమువలన కలుగు మఱియొక లాభము జమాఖర్చు పుస్తకములకెక్కదు. అది సభ్యుని యారోగ్యము.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి అలమీడా కౌంటీలో 1965వ సంవత్సరమున సుమారు 6,900 మంది పెద్దల వివరములు వ్రాసికొని, తొమ్మిదేండ్లపాటు వారి మరణములను లెక్కించిరి. బంధుమిత్రులును సంఘములును లేక యొంటిగా నున్నవారిలో మరణములు, నలుగురితో కలసిమెలసి యున్నవారిలోకంటె రెండింతలకు మించియుండెను. పొగ, మద్యము మొదలగు అలవాట్లను లెక్కించి చూచినను ఆ భేదము పోలేదు. ఈ ఫలితములు 1979లో వెలువడెను.

ఇది దూరదేశపు మాట యందురేని, మన దేశపు నిదర్శనమును వినుడు. జార్ఖండ్, ఒడిశా రాష్ట్రములలోని మూడు జిల్లాలలో 2005 మొదలు 2008 వఱకు ఒక ప్రయోగము జరిగెను. సగము మడికి ఎరువు వేసి, సగము విడిచి పోల్చి చూచునట్లే, పల్లెలను 36 భాగములుగా నేర్పఱచి, 18 భాగములలో స్త్రీల సంఘములచే నెలనెలా సభలు జరిపించిరి. ఆ సభలలోని పని సంభాషణయే. పురిటి కష్టములను కథలుగా చెప్పుకొని, ఉపాయములను తామే యోచించి, తామే యాచరించిరి. సంఘములున్న పల్లెలలో నెలలోపు శిశువుల మరణములు నూటికి 32 వంతులు తక్కువయ్యెను. మూడవయేట తల్లులలో మోస్తరు మనోవ్యాకులత నూటికి 57 వంతులు తగ్గెను.

దీనికి కారణములు సులభముగా తెలియును. నలుగురున్నచోట మంచి పద్ధతి ఒకరినుండి యొకరికి ప్రాకును. ఆపదవేళ బండియు, చేబదులును దొరకును. భయము పంచుకొన్నకొలది తగ్గును.

అయితే పేరు రిజిస్టరునందుండుట చాలదు. కూటమి త్రాగుడుకై చేరినచో మేలు కీడగును. బీదవానిని గడప వెలుపల నిలిపిన సంఘము వానికి సంఘమే కాదు.

పైరు పోయి, అప్పు మిగిలిన రైతు మొదట మానునది రచ్చబండకు వచ్చుటయే. సిగ్గుచే తలుపు మూసికొన్నవానికే మన యవసరమెక్కువ. కావున ప్రతి మాసపు సభలోను వాయిదాలు చెల్లింపనివారి పేర్లతోపాటు, రానివారి పేర్లనుగూడ చదువవలెను. మఱునాడు ఇద్దరు సభ్యులు వానియింటికి పోయి, బాకీమాట యెత్తక, క్షేమ మడుగవలెను. ఈ ఖర్చులేని సేద్యమును ప్రతి సంఘమును ఈ మాసముననే యారంభించునుగాక!