శనివారం సంత

మేము కాపురం ఉండేది ఫెర్నె-వోల్తేర్ అనే చిన్న ఊళ్ళో. ఉన్నది ఫ్రాన్సులోనే అయినా, సరిహద్దు దాటితే స్విట్జర్లాండు. జెనీవా విమానాశ్రయం పక్కనే. రచయిత వోల్తేర్ సుమారు ఇరవై ఏళ్ళు, 1778 దాకా, ఇక్కడ ఉండి ఊరిని పెంచాడు. అందుకే ఆయన పేరు ఊరి పేరులో కలిసింది. జెనీవాలో ఉద్యోగాలు చేసే మాలాంటి వాళ్ళు ఇక్కడ చాలామంది.

శనివారం పొద్దున్న పెద్దవీధిలో సంత పెడతారు. మొదటి ఏడాది మేము అటు తొంగి చూడలేదు. భాష రాదు. సూపర్ మార్కెట్టులో అయితే నోరు విప్పకుండా సరుకులు తెచ్చుకోవచ్చు కదా!

ఆ తరువాత ఒక ఏప్రిల్‌లో మా అత్తగారు గుంటూరు నుంచి మూడు నెలలు ఉందామని వచ్చారు. రెండో వారానికే "నన్ను పంపించెయ్యండమ్మా" అన్నారు. పగలు మేము ఆఫీసుల్లో, పిల్లలు బడిలో. ఆవిడకు పలకరించే మనిషి లేదు. మనసు మళ్ళుతుందని సంతకు తీసుకెళ్ళాం.

వెళ్ళగానే పొరపాటు జరిగింది. ఆవిడ అలవాటు ప్రకారం టమాటాలు నొక్కి చూస్తూ ఏరుతున్నారు. అమ్మే ఆవిడ గట్టిగా "బోన్ జూర్, మదామ్!" అంది. మాకు తల కొట్టేసినట్లయింది. ముందు పలకరించాలి, తరువాతే బేరం. చాలా అంగళ్ళలో కాయలు మనం ముట్టుకోకూడదు. ఎప్పుడు తింటామో చెబితే, ఇవాళ్టికి పండినవి, రేపటికి కాస్త దోరవి వాళ్ళే ఏరి ఇస్తారు.

మరుసటి శనివారం మా అత్తగారే ముందుగా "బోన్ జూర్" అన్నారు. ఒక ఆకుకూర కట్ట వైపు చూస్తుంటే అమ్మే ఆవిడ ఒక ఆకు తుంచి ఇచ్చింది. నమిలి, "చుక్కకూరే!" అన్నారు మా అత్తగారు. దాని పేరు ఒజేయ్. నిజంగానే చుక్కకూర కుటుంబానిదే. వీళ్ళు సూపులోనూ, చేపల కూరలోనూ వేస్తారు. మా ఇంట్లో ఆ పూట పప్పులో పడింది. మూడు కట్టలు వండితే గుప్పెడయింది. డబ్బులిచ్చాక ఆ అమ్మాయి సంచిలో నాలుగు పార్స్లీ రెమ్మలు ఊరికే వేసింది. "ఇక్కడా కొసరు ఉందే!" అని మా అత్తగారు ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు. తిరుగు ప్రయాణం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇటు వచ్చే మన వాళ్ళకు రెండు మాటలు. సరుకు ఏ దేశానిదో పలక మీద రాసి ఉంటుంది. 'ప్రొద్యుక్తర్' అని ఉంటే పండించిన రైతే అమ్ముతున్నాడన్నమాట. ఈ జూరా కొండల కొంతే చీజు బహు రుచి, 1958 నుంచి దాని పేరుకు చట్టరక్షణ కూడా ఉంది. కాని దానికి పాలు విరిచేది దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో. శాకాహారులు గమనించాలి.

జులైలో మా అత్తగారు వెళ్ళిపోయారు. ఆ శనివారం అమ్మే ఆవిడ "మదామ్ ఏరీ?" అని అడిగింది. వచ్చీరాని ఫ్రెంచిలో ఊరి పేరు, ప్రయాణం, మనవల బెంగ అన్నీ చెప్పాం. ఈ ఊళ్ళో ముందుగా వల్లె వేసుకోకుండా మేము మాట్లాడిన మొదటి మాటలు అవే. ఆ రోజు కొసరు రెండు గుప్పిళ్ళు వేసింది. మళ్ళీ వస్తారా అని అడిగితే, వస్తారని చెప్పాం.